120 వోల్టుల ఇండక్షన్ స్టవ్ మీద బీరు తయారీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

షికాగో శివార్లలో మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్ బాల్కనీలో ప్రొపేన్ బర్నర్ వెలిగించడానికి లీజు ఒప్పుకోదు. దాన్ని ఇంట్లో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాలకే ముప్పు. అందువల్ల సొంతానికి బీరు తయారు చేసుకోవడానికి కొన్నేళ్లుగా 1800 వాట్ల ఇండక్షన్ స్టవ్‌నే వాడుతున్నాను. చిన్న బ్యాచ్‌లకు ఇది చక్కటి పరికరమనీ, ఇక్కడి హోమ్‌బ్రూయర్లకు అలవాటైన 5 గ్యాలన్ల బ్యాచ్‌కు మాత్రం చాలదనీ నా అభిప్రాయం.

5 గ్యాలన్లంటే సుమారు 19 లీటర్లు. ఆవిరయ్యేదీ, అడుగున మడ్డిగా మిగిలేదీ లెక్కలోకి తీసుకుంటే 25 లీటర్ల వర్ట్‌తో, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గింజల నుంచి దిగిన తీపి రసంతో, మొదలుపెట్టాలి. స్టవ్ లాక్కునే కరెంటులో 85 శాతం గిన్నెకు చేరుతుందనుకున్నా, మ్యాష్ (గింజలను వేడినీళ్లలో నానబెట్టడం) ముగిసిన 67 డిగ్రీల నుంచి మరుగు పట్టడానికి కాగితం మీదే 38 నిమిషాలు పడుతుంది. గిన్నె చుట్టూ పోయే వేడి వల్ల ఆచరణలో అది గంటకు దగ్గరవుతుంది. అయితే అసలు చిక్కు నిరీక్షణ కాదు. గంటకు 3 లీటర్లు ఆవిరి కావాలంటే ఆ ఆవిరికే దాదాపు 1900 వాట్లు ఖర్చవుతాయి, గిన్నెకు చేరేదేమో 1500 వాట్ల చిల్లర. కాబట్టి వర్ట్ సలసల మరగదు, అంచుల్లో బుడగలు వేస్తూ ఉండిపోతుంది. మరుగు ఉధృతంగా లేకపోతే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాసన పదార్థం బయటికి పోక, ముఖ్యంగా లేత రంగు పిల్స్‌నర్ మాల్ట్ వాడినప్పుడు, బీరుకు ఉడికిన మొక్కజొన్న వాసన పట్టుకుంటుంది. మూత పూర్తిగా పెడితే మరుగు పెరుగుతుంది గానీ, పోవలసిన ఆ వాసన నీటి బొట్లతో పాటు మళ్లీ లోపలికే కారుతుంది.

ఇక్కడ ఇండక్షన్‌కు ఉన్న ఒక సౌలభ్యం అక్కరకు వస్తుంది. మంట లేదు కనుక, గిన్నె గోడలకు వేడిని తట్టుకునే ఇన్సులేషన్ చుట్టి, అది స్టవ్ గాజుకు తగలకుండా కట్టేస్తే, కాలిపోతుందన్న భయం లేకుండా మరుగు స్పష్టంగా మెరుగవుతుంది. గ్యాస్ మీద ఈ పని ఊహించలేము. అయినా నేను చివరికి తేల్చుకున్నది బ్యాచ్‌నే 10 లీటర్లకు తగ్గించుకోవడం. 14 లీటర్ల వర్ట్ అరగంటలో మరుగు పడుతుంది, మరుగులో బలం ఉంటుంది, గింజలున్న సంచిని ఒంటి చేత్తో పైకి తీయవచ్చు, చివరికి 12 ఔన్సుల సీసాలు పాతిక దాకా నిండుతాయి.

గిన్నె కొనేముందు అడుగుకు అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసుకోవాలి. అల్యూమినియం గిన్నెలు, కొన్ని స్టీలు గిన్నెలు దీని మీద పనిచేయవు. స్టవ్ గాజు ఎంత బరువు మోస్తుందో మాన్యువల్‌లో చదవడం కూడా తప్పనిసరి, ఎందుకంటే 25 లీటర్లు నిండిన గిన్నె 30 కిలోలకు తగ్గదు.

ప్యానెల్ మీద కనిపించే ఉష్ణోగ్రతను నమ్మి మ్యాష్ చేయడం కుదరదు. సెన్సర్ గాజు కింద ఉంటుంది, అది కొలిచేది గాజు వేడినే తప్ప గింజల మధ్య వేడిని కాదు. పైగా తక్కువ పవర్‌లో చాలా స్టవ్‌లు పూర్తి పవర్‌తో వెలుగుతూ ఆరుతూ ఉంటాయి కనుక, కాయిల్‌కు ఎదురుగా ఉన్న వలయంలో గింజలు అడుగంటే ప్రమాదముంది. నీళ్లను కావలసిన వేడికి తెచ్చి, స్టవ్ ఆపేసి, గింజలు వేసి, గిన్నెకు దుప్పటి చుట్టి గంటసేపు వదిలేయడమే నా పద్ధతి. వేరే థర్మామీటర్‌తో చూస్తే ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గదు. గింజలకు బదులు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పాకం వాడేవారు కూడా స్టవ్ ఆపి, అది పూర్తిగా కరిగేదాకా కలిపి, ఆ తర్వాతే మళ్లీ వెలిగించాలి.

1800 వాట్లంటే 120 వోల్టుల మీద 15 ఆంపియర్లు. అదే సర్క్యూట్ మీద ఎవరైనా మైక్రోవేవ్ నొక్కారంటే బ్రేకర్ పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీగ జోలికి అసలు పోకూడదు. సొంత ఇల్లుండి, ఎలక్ట్రీషియన్ చేత 240 వోల్టుల లైను వేయించుకోగలిగిన వారు 3500 వాట్ల స్టవ్ కొనుక్కుంటే 5 గ్యాలన్ల సమస్య తీరిపోతుంది. మన దేశంలో 230 వోల్టులు ప్లగ్గులోనే దొరుకుతాయి గానీ, మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఒక వయోజనుడు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి వయోజనులున్న ఇల్లు 200 గ్యాలన్లు, అమ్మకానికి కాకుండా, పన్ను లేకుండా తయారు చేసుకోవచ్చు.

గంట మరుగులో దాదాపు 2 లీటర్ల నీళ్లు వంటగది గాలిలో కలుస్తాయి. చలికాలంలో అవి కిటికీ అద్దాల మీద ధారగా దిగి, పట్టించుకోకపోతే చెక్కకు బూజు పట్టిస్తాయి. గాలిని వడగట్టి తిరిగి గదిలోకే వదిలే రేంజ్ హుడ్ ఇందుకు ఏమాత్రం పనికిరాదు, కిటికీ తీసి ఫ్యానును బయటికి తిప్పి పెట్టవలసిందే. మాల్ట్ వాసన రాగిజావ వాసనలా హాయిగా ఉంటుంది కనుక ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, చేదు కోసం హాప్స్ పువ్వులు వేశాకే తలుపులు మూసుకుంటారు. అదే చలి, మరిగిన వర్ట్‌ను చల్లార్చేటప్పుడు మేలు చేస్తుంది: జనవరిలో కుళాయి నీళ్లు ఎంత చల్లగా వస్తాయంటే, చిన్న బ్యాచ్, ఆ నీళ్లు లోపల పారే రాగి గొట్టపు చిల్లర్‌తో పావుగంటలోపే ఈస్ట్ వేయదగిన వేడికి దిగుతుంది.

స్టవ్ మన్నిక విషయంలో జాగ్రత్తపడవలసింది కింద ఉండే ఫ్యాను గురించే. పొంగిన వర్ట్ పంచదార పాకం వంటిది, అది గాలి సందుల్లోకి పోతే ఫ్యాను పట్టేస్తుంది. అందుకే మరుగు పట్టే ఆ కొద్ది నిమిషాలు గిన్నె పక్కనే నిలబడి, నురుగు లేవగానే పవర్ తగ్గిస్తాను. గ్యాస్‌లాగే తగ్గించిన క్షణానే నురుగు కూర్చుంటుంది.