జంపరా, కార్డిగనా, స్వెట్‌షర్టా? ఇంగ్లండ్ బడి పిల్లలకు ఏది మేలు?

మనం స్వెటర్ అనేదాన్ని ఇంగ్లండు బడుల యూనిఫాం జాబితాల్లో ఎక్కువగా జంపర్ అని రాస్తారు. ప్రైమరీ బడి అయితే దాని పక్కనే ‘లేదా కార్డిగన్, లేదా స్వెట్‌షర్ట్’ అని ఉంటుంది. కార్డిగన్ అంటే ముందు గుండీలున్న స్వెటర్, స్వెట్‌షర్ట్ అంటే తల మీంచి వేసుకునే మందపాటి చొక్కా. మా పాప రిసెప్షన్‌లో చేరిన ఏడాది ఆ ‘లేదా’ల దగ్గరే ఆగిపోయి, ఆగస్టు ఆఖరి వారం దాకా ఏదీ కొనలేదు. అప్పటికి మా పాప సైజు సగం షాపుల్లో అయిపోయింది.

రిసెప్షన్ అంటే నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులో చేరే తరగతి. ఆ వయసుకి వెచ్చదనం కన్నా ముందు చూడాల్సింది, పిల్ల తనంతట తాను వేసుకుని విప్పుకోగలదా అని. క్లాసులో హీటర్ వేడి, బయట ఆటస్థలంలో కోసే గాలి. రోజుకి ఎన్నిసార్లు వేసి తీయాలో లెక్కుండదు. స్వెట్‌షర్ట్ తల మీంచి లాగితే లోపలి పోలో షర్ట్ కూడా దాంతో పాటే పైకొస్తుంది, పొద్దున వేసిన జడలు సరేసరి. కార్డిగన్‌కి ఆ బాధ లేదు. చేతులు దూరిస్తే చాలు, గుండీలు పెట్టకపోయినా నడుస్తుంది. అందుకే చిన్నపిల్లలకి నా ఓటు కార్డిగన్‌కే. షాపుల్లో దాన్ని ఆడపిల్లల వరసలో పెట్టే అలవాటు ఇంకా పోలేదు. మగపిల్లాడికి కొన్నా తప్పేం లేదు, వాడు వేసుకుంటానంటే.

కాకపోతే కార్డిగన్ ఎక్కువ కాలం ఆగదు. మోచేతుల దగ్గర పలచబడుతుంది, జేబులుంటే వాటిలో రాళ్లూ ఆకులూ నింపి ముందు భాగాన్ని సాగదీస్తారు. యాక్రిలిక్‌ది కొంటే నాలుగు ఉతుకులకే పైన చిన్న చిన్న ఉండలు కడుతుంది. స్వెట్‌షర్ట్ అలా కాదు. కాటన్, పాలిస్టర్ కలిపిన మందపాటి బట్ట, చాలావాటికి లోపల నూగు. నేల మీద పడి దొర్లే ఏడెనిమిదేళ్ల వాళ్లకి అదే సరి. చూపుకి మాత్రం రాత్రి పడుకునే బట్టల్లాగే ఉంటుంది, ఏం చేస్తాం!

వి మెడ జంపర్ సంగతి పదకొండేళ్లకి, సెకండరీకి వెళ్లాక వస్తుంది. అక్కడ చాలా బడుల్లో టై, బ్లేజర్ ఉంటాయి. టై ముడి కనబడాలంటే వి మెడే కావాలి, బ్లేజర్ చేతుల లోపల ఇమడాలంటే పలచటి అల్లికే కావాలి. హైదరాబాదులో మా కాన్వెంటు స్వెటరూ ఇదే నమూనా, మెడ అంచున రెండు గీతలతో. డిసెంబరు పొద్దున వేసుకెళ్లి పదింటికల్లా నడుముకి కట్టేసుకునేవాళ్లం. ఇక్కడ అదే జంపర్ మే నెలలో కూడా ఒంటి మీదే ఉంటుంది.

ఇక రంగు. దాన్ని బడే నిర్ణయిస్తుంది కాబట్టి మన చేతిలో ఉన్నది తక్కువే. ప్రైమరీల్లో ఎరుపు, రాయల్ బ్లూ, బాటిల్ గ్రీన్, నేవీ అనే ముదురు నీలం, మెరూన్ ఎక్కువ. సెకండరీలకి వచ్చేసరికి నేవీ, నలుపు, బూడిద రంగు. ఈ దేశపు యూనిఫాంలో నీలానికి పాత చరిత్రే ఉంది. 1552లో లండన్‌లో పేదపిల్లల కోసం పెట్టిన క్రైస్ట్స్ హాస్పిటల్ బడి పిల్లలు పొడవాటి నీలం కోటు, పసుపు మేజోళ్లు వేసుకునేవారు. ఆ బడి ఇప్పుడు వెస్ట్ ససెక్స్‌లో ఉంది, పిల్లల వేషం మాత్రం మారలేదు. నీలం రంగు అప్పట్లో చవకట.

ఇప్పుడూ చవక నేవీయే అనాలి. ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఏడాది పొడవునా దొరుకుతుంది, మచ్చలు దాస్తుంది, బడి మారినా పనికొచ్చే అవకాశం ఉంది. దూది పీచు మాత్రం ఇట్టే కనబడుతుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో రోడ్డు దాటే పిల్లకి నేవీ కన్నా ఎరుపు నయమనుకున్నాను గానీ, చీకట్లో ఎరుపూ నల్లగానే ఉంటుంది. పైగా కొత్త ఎర్ర స్వెట్‌షర్ట్‌ని తెల్ల పోలోలతో కలిపి ఉతికి, అయిదింటినీ గులాబీ రంగు చేసిన ఘనత నాది. గడ్డి మరక కనబడనిది బాటిల్ గ్రీన్ ఒక్కటే. కానీ మధ్యలో ఒకటి పోతే అదే ఛాయ మళ్లీ దొరకడం కష్టం.

బడి గుర్తు ఉన్నది కొనాలా, సాదాదా? బడి పేరున్న బట్టల్ని వీలైనంత తగ్గించమనీ, వాడిన యూనిఫాం తల్లిదండ్రులకి దొరికేలా చూడమనీ ఇంగ్లండు ప్రభుత్వం 2021 నవంబరులో బడులకి మార్గదర్శకాలు ఇచ్చింది. మా బడి సాదావీ ఒప్పుకుంటుంది. అందుకని ఫొటోల రోజుకి గుర్తున్నది ఒకటి, మిగతా రోజులకి సాదావి రెండు కొన్నాను. గుర్తున్నది రెండో వారంలోనే పోయింది. దాని కోసం పోయిన వస్తువుల డబ్బా తెరిస్తే లోపల ఇరవై ఎర్ర స్వెట్‌షర్టులు, ఒక్కదాని మీదా పేరు లేదు. మాదాని మీద కూడా.