పొడంపేట దాకా ఇసుకలో

పర్లాకిమిడిలో ఉన్నవాళ్ళకు సముద్రం పెద్ద దూరమేమీ కాదు. అయినా పెళ్ళయిన పదకొండేళ్ళకు, ఈ జనవరిలో, మొదటిసారి మేమిద్దరమే సముద్రానికి బయలుదేరాం. పిల్లలను అమ్మ దగ్గర వదిలి, నాలుగు రోజులు సెలవు పెట్టి, పలాసలో రైలు మారి బరంపురంలో దిగాం. మా ఆయన పట్టుదల ఒక్కటే: మనుషులు లేని తీరం కావాలి. నాదీ ఒక్కటే: స్నానాలగది శుభ్రంగా ఉండాలి. ఆ రెండూ ఒక చోట దొరికేవి కావని రెండో రోజుకే తెలిసిపోయింది.

బరంపురం నుంచి గోపాలపూర్ 16 కిలోమీటర్లు. మొదటి రెండు రాత్రులు అక్కడే. ‘సముద్రం కనిపించే గది’ అని రాత్రికి 2,800 రూపాయలు తీసుకున్నారు. సముద్రం కనిపించిన మాట నిజమే. బాల్కనీ చివర నిలబడి మెడ బాగా సాచితే, పక్క మేడ మీద ఆరేసిన దుప్పట్లకూ నీళ్ళ ట్యాంకుకూ మధ్య జానెడు నీలం. వేడినీళ్ళు బకెట్టులో తెచ్చి ఇచ్చారు, అదీ అడిగిన గంటకు. ఉదయం ఎనిమిదికల్లా గది ఖాళీ చేయాలన్న సంగతి డబ్బు కట్టాక చెప్పారు. ఒడిశా తీరంలో ఈ ఎనిమిది గంటల లెక్క మరికొన్ని చోట్ల కూడా ఉంది కాబట్టి, గది చూడకముందే ఆ మాట అడగండి.

ఊరిని మాత్రం తప్పుపట్టను. ఒకప్పుడు ఇక్కడి నుంచి రంగూన్‌కు ఓడలు వెళ్ళేవి. మా తాతల తరంలో బర్మా వెళ్ళినవాళ్ళ కథలు మా వైపు ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది కూడా ఈ ఊరి దగ్గరే. లైట్‌హౌసు ఉంది, సాయంత్రం ఒడ్డున వేడివేడిగా చేప వేపుడు ఉంది, కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి. మా అత్తగారిని తీసుకువస్తే గోపాలపూరే తెస్తాను. కానీ మా ఆయన ఆ బల్ల మీద కూర్చుని, ఎదురుగా ఫొటోలు దిగుతున్న మూడు కుటుంబాలను చూసి, ‘ఇది మన సంతలాగే ఉంది, నీళ్ళు ఎక్కువ’ అన్నారు.

మూడో రోజు మకాం రంభకు మార్చాం. చిలికా సరస్సు దక్షిణపు కొసన ఉన్న ఊరు. సరస్సు ఒడ్డున పాత అతిథిగృహం, గది 1,600. గోడలకు సున్నం పెచ్చులు లేచింది, మంచం కిర్రుమంటుంది. కానీ కిటికీ తీస్తే దుప్పట్లు లేవు, మొత్తం నీళ్ళే. కుళాయిలో వేడినీళ్ళు వచ్చాయి. భోజనం రెండు గంటల ముందు చెప్పి చేయించుకోవాలి. చెబితే మాత్రం పీతల కూర బాగా చేస్తారు. ద్వీపాలకు పడవ మొత్తానికి ఒక ధర, ఎక్కేది ఇద్దరైనా ఎనిమిది మందైనా అంతే. అందుకని మానుకున్నాం. గోపాలపూర్‌లో రెండు రాత్రులు కాదు, ఇక్కడ మూడు రాత్రులు ఉండవలసింది. ఎందుకంటే మేము వెతుకుతున్న తీరం ఇక్కడికే దగ్గర.

ఆ తీరం ఋషికుల్య మొగ నుంచి ఉత్తరంగా సాగుతుంది. దారింగబాడి కొండల్లో పుట్టిన నది గంజాం ఊరి పక్కగా వచ్చి సముద్రంలో కలుస్తుంది. మొగ దగ్గర పురుణాబంధ, తరువాత గోఖరకుద, ఇంకా పైకి పొడంపేట. మూడూ జాలరి ఊళ్ళే. ఒడియావాళ్ళు వీళ్ళను నోలియాలు అంటారు. ఇళ్ళలో మాట తెలుగు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గీత మారింది, వలలు వేసే చోటు మారలేదు.

రంభ నుంచి ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ 1,100. ఉదయం ఆరున్నరకు పురుణాబంధలో దించి, పదకొండింటికి పొడంపేటలో ఎక్కించుకోవాలని ఒప్పందం. ఈ ఒప్పందం సంగతి తరువాత చెబుతాను.

నడక కష్టమేమీ కాదు, ఆటు సమయం చూసుకుంటే. నీరు వెనక్కు తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉంటుంది, చెప్పులు చేతిలో పట్టుకుని హాయిగా వెళ్ళవచ్చు. పోటు మీద ఉంటే పైనున్న పొడి ఇసుకలో నడవాలి, అడుగుకు అడుగున్నర శ్రమ. కుడివైపు సముద్రం, ఎడమవైపు సరుగుడు తోపులు. దుకాణం లేదు, కొళాయి లేదు, నీడంటే ఆ తోపుల నీడే. మేము మూడు లీటర్ల నీళ్ళు, అరటిపళ్ళు, బరంపురంలో కొన్న మిక్చరు పట్టుకెళ్ళాం. నీళ్ళు చాలలేదు. స్నానాలగది గురించిన నా పట్టుదల సరుగుడు తోపుపాలయిందని వేరే చెప్పనక్కరలేదు.

అరగంట నడిచాక మా ఆయన ఆగి, ‘ఇక్కడికి ట్రాక్టరు ఎలా వచ్చింది?’ అన్నారు. నీళ్ళలో నుంచి పైకి వచ్చి, మెట్ట ఇసుకలో గుండ్రంగా తిరిగి, మళ్ళీ నీళ్ళలోకి దిగిన చార. దగ్గరగా వంగి చూస్తే టైరు కాదు. రెండు పక్కలా కామాల్లాంటి గీతలు, మధ్యలో బోర్లించిన మూకుడు ఈడ్చినట్టు నునుపు. రాత్రి వచ్చి వెళ్ళిన ఆలివ్ రిడ్లీ తాబేలు. పైన గొయ్యి ఉంది, దాని చుట్టూ కుక్క అడుగులు, చిరిగిన గుడ్డు పెంకులు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కోడిగుడ్డు పెంకులా విరగలేదు. తడిసిన పల్చటి తోలులా వేళ్ళ మధ్య మడత పడింది, లోపల ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి.

ఒక్కో తల్లి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఏడున్నర వారాలు, అటూ ఇటూగా, ఇసుక వేడికే పొదిగి పిల్లలు బయటికి వస్తాయి. వేల తాబేళ్ళు ఒక్కసారిగా ఒడ్డుకు రావడం మామూలుగా ఫిబ్రవరి, మార్చిలలో. అది ప్రతి ఏడూ జరుగుతుందన్న హామీ లేదు. ఆ రోజుల్లో అటవీశాఖవాళ్ళు తీరాన్ని కట్టుదిట్టం చేస్తారు, ఇలా ఇష్టం వచ్చినట్టు నడవనివ్వరు. మా ఇద్దరికీ నడక ముఖ్యం కాబట్టి జనవరే సరిపోయింది. చచ్చిన తాబేళ్ళు కూడా రెండు కనబడ్డాయి. అవి ఊపిరికి పైకి రావాలి, వలలో చిక్కితే రాలేవు. అందుకే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగ దగ్గర 20 కిలోమీటర్ల మేర వేటకు నిషేధం పెడతారు. చచ్చిన తాబేళ్ళను ఫొటోల్లో ఎవరూ చూపించరు గాని, ఆ వాసనకు ముక్కు మూసుకుని పరుగెత్తవలసి వస్తుంది.

గోఖరకుద దాటాక ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న ఒకామెను తాగే నీళ్ళు అడిగాను. తెలుగులోనే అడిగాను. చెంబుతో ఇచ్చి, ఎక్కడి నుంచి వస్తున్నారమ్మా అంది. పురుణాబంధ నుంచి అన్నాను.

‘ఆటో పాడైపోయిందా?’

‘లేదు, నడుద్దామనే వచ్చాం.’

‘ఊరికేనా?’ అని మా ఆయన వైపు చూసింది. ‘నిన్ను నడిపించడానికి తెచ్చాడా తల్లీ, ఎంత పని చేశాడు!’

తొమ్మిది గంటలకే అన్నం, చేపల పులుసు పెట్టింది. చింతపండు ఘాటు, మెంతి వాసన, అచ్చం మా అమ్మమ్మ చేతి పులుసే. రెండు వందలు ఇస్తే మొహమాటం లేకుండా లెక్కపెట్టి కొంగున కట్టుకుంది. ఈ నాలుగు రోజుల్లో తిన్న భోజనాల్లో ఇదే మొదటిది, పీతల కూర రెండోది. గోపాలపూర్ హోటల్ భోజనం ఊసు ఎత్తను.

పాత పొడంపేటను సముద్రం తినేసింది. చాలామంది లోపలికి కట్టిన కొత్త కాలనీకి తరలిపోయారు. మిగిలినవి పైకప్పు లేని గోడలు, ఒక గడప, గోడలో దీపం గూడు. ఒక చోట బావి ఉంది. చుట్టూ ఇసుక కొట్టుకుపోవడంతో ఒరలు పొగగొట్టంలా పైకి లేచి నిలబడ్డాయి. నీళ్ళు తోడుకునే బావిని తలెత్తి చూడడం అదే మొదటిసారి. అంతవరకు మాట్లాడుతూ వచ్చినవాళ్ళం అక్కడ కాసేపు మాట్లాడుకోలేదు.

పదకొండయింది, ఆటో రాలేదు. ఫోను చేస్తే ‘పొడంపేటలోనే ఉన్నానమ్మా’ అంటాడు. మేమూ పొడంపేటలోనే ఉన్నాం. పావుగంట వాదించుకున్నాక, ఆయన కొత్త ఊళ్ళో ఉన్నాడని, ఇప్పుడు లేని ఊళ్ళో మేము ఉన్నామని అర్థమయింది. ఎండలో మరో అరగంట నడక. మీరు వెళితే ఆటోవాడికి ‘పాత ఊరు’ అని గట్టిగా చెప్పండి. వేచి ఉన్నందుకు ఆయన వంద ఎక్కువ అడిగాడు, ఇచ్చాం. తప్పు ఆయనది కాదు.

ఇంతకీ మా ఆయన ఆ ఎండుచేపలావిడ దగ్గర కిలో నెత్తళ్ళు కొన్నారని రంభ చేరాకే తెలిసింది. అతిథిగృహంవాళ్ళు సంచిని వరండాలో పెట్టమన్నారు. మర్నాడు తిరుగు రైల్లో జనం నిలబడే ఉన్నారు గాని, బరంపురం నుంచి పలాస దాకా మా ఎదుటి సీటు ఖాళీగానే ఉంది.