వద్దనిపించిన టాటూ: తీయించడమా, కప్పించడమా, ఉంచుకోవడమా? ఏది మేలు?

ముంజేతి లోపలివైపు నాలుగు అంగుళాల పొడవున, నల్ల ఇంకుతో ఒక పేరు. వద్దనిపించే టాటూల్లో బాగా కనిపించే రకం ఇది. పెళ్లి కుదిరినప్పుడో, ఉద్యోగానికి వైద్య పరీక్ష దగ్గర పడినప్పుడో, లేక ఏ ప్రత్యేక కారణమూ లేకుండా రోజూ దాన్ని చూసుకోవడమే కష్టమైనప్పుడో ప్రశ్న మొదలవుతుంది. ఆ చేతినే ఎదురుగా పెట్టుకుని దారులన్నీ చూద్దాం.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది వరస. లేజర్ చేయించుకుంటూ మధ్యలో మనసు మారితే, పలచబడిన ఆ టాటూ మీద కొత్త బొమ్మ వేయించుకోవచ్చు. ముందే కొత్త బొమ్మ వేయించేసి తర్వాత అదీ వద్దనుకుంటే మాత్రం లేజర్‌కు పని రెట్టింపవుతుంది. పాత ఇంకు, దానిపైన కొత్త ఇంకు, రెండూ కరగాలి. అందుకే ఏ దారి నచ్చినా, ఒకసారి స్కిన్ డాక్టర్‌కు చూపించుకున్నాకే టాటూ షాపు మెట్లెక్కడం మంచిది.

లేజర్ ఏం చేస్తుంది

సూది ఇంకును పైచర్మం దాటించి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో పెడుతుంది. పైచర్మం నెల తిరిగేసరికి రాలిపోయి కొత్తది వస్తుంది. లోపలి పొర అలా రాలదు. అక్కడి రక్షణ కణాలు ఇంకు రేణువులను మింగుతాయి గానీ అరిగించుకోలేవు, వాటిని అలాగే పట్టుకుని కూర్చుంటాయి. (నల్లమసితో పొడిచిన పాతకాలపు పచ్చబొట్టు పచ్చగా కనబడేదీ ఈ లోతు వల్లే. పైచర్మం గుండా చూస్తే నలుపు నీలి ఆకుపచ్చగా తేలుతుంది.)

లేజర్ ఇంకును బయటికి లాగదు. సెకనులో వంద కోట్లవ వంతు లెక్కలో ఉండే పల్స్‌తో, అంటే కాంతి దెబ్బతో, రేణువును పగలగొడుతుంది, అంతే. ముక్కలను మోసుకుపోవాల్సింది ఒంట్లోని కణాలే. దానికి వారాలు పడుతుంది కాబట్టే సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య 6 నుంచి 8 వారాలు ఆగమంటారు. త్వరగా అయిపోవాలని మూడు వారాలకే మళ్లీ కొట్టించుకుంటే ఇంకు తొందరగా పోదు, చర్మం మాత్రం దెబ్బతింటుంది.

రంగును బట్టి లేజర్ మారుతుంది, అంటే దాని కాంతి తరంగం పొడవు మారుతుంది. దాన్ని నానోమీటర్లలో చెబుతారు. నలుపు, ముదురు నీలం: క్యూ స్విచ్డ్ (పైన చెప్పిన అతిచిన్న పల్స్ కొట్టే రకం) ఎన్‌డీ యాగ్ మెషీన్‌లో 1064 నానోమీటర్లు. ఎరుపు, నారింజ: అదే మెషీన్‌లో 532. ఆకుపచ్చ, లేత నీలం: 694 రూబీ లేజర్ లేదా 755 అలెగ్జాండ్రైట్ లేజర్. మన తెలుగువాళ్లకు ఇక్కడే అసలు మెలిక ఉంది. చామనఛాయ, నలుపు చర్మంలో మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, ఎక్కువ. 532, 694, 755 కాంతిని ఇంకుతోపాటు ఆ మెలనిన్ కూడా బాగా పీల్చుకుంటుంది, దాంతో టాటూ ఆకారంలోనే తెల్ల మచ్చ మిగిలే ప్రమాదం ఉంటుంది. 1064ను మెలనిన్ తక్కువగా పీలుస్తుంది. అంటే మన చర్మం మీద నల్ల టాటూ లేజర్‌కు అనుకూలమైన కేసు. రంగురంగుల నెమలో, ఎర్ర గులాబో అంత అనుకూలం కాదు.

ఒక సిట్టింగ్ ఎలా ఉంటుందంటే: గంట ముందు మత్తు క్రీమ్ రాసి పైన ప్లాస్టిక్ కవర్ కప్పుతారు. అది తుడిచాక కళ్లకు గాగుల్స్ పెడతారు, ఇది తప్పనిసరి. మొదటి షాట్ పడగానే పోపులో ఆవాలు చిట్లినట్టు చిన్న చప్పుడు, కాగిన నూనె చుక్క పడ్డట్టు చురుక్కుమనడం. నల్ల అక్షరం కళ్లముందే సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. లోపల పుట్టిన ఆవిరి బుడగల తెలుపు అది, పావుగంట ఇరవై నిమిషాల్లో మాయమవుతుంది. ఆ తెలుపును చూసి టాటూ పోయిందనుకోవద్దు, అది తగ్గగానే అక్షరం మళ్లీ కనిపిస్తుంది. నాలుగంగుళాల పేరుకు షాట్లు పది నిమిషాల్లోపే అయిపోతాయి.

ఆ రాత్రికి వాపు, మర్నాటికి నీటి పొక్కులు రావచ్చు. పొక్కు రావడం తప్పు కాదు, చిదమడం తప్పు. పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, అతుక్కోని గాజు గుడ్డ కట్టి, రోజుకోసారి మార్చాలి. పెచ్చు కట్టాక గీకితే మిగిలేది మచ్చే. మానాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ గానీ ఫుల్ హ్యాండ్స్ చొక్కా గానీ తప్పదు. ఎండకు నల్లబడిన చర్మం మీద లేజర్ కొడితే మరకలు పడే అవకాశం పెరుగుతుంది కాబట్టి బైక్ మీద తిరిగే ఉద్యోగాలవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టకపోవడం మేలు.

ఎన్ని సిట్టింగులు? ఇక్కడే చాలామంది మోసపోతారు. ‘మూడింటితో పూర్తిగా పోతుంది’ అనేవాళ్లను నమ్మొద్దు. మంచి మెషీన్‌తో వేసిన టాటూకు 6 నుంచి 12 వరకు పట్టడం మామూలు, అంతకు మించి కూడా పడుతుంది. 2012లో ఇటలీ చర్మవైద్యులు క్యూ స్విచ్డ్ లేజర్ చేయించుకున్న 352 మందిని గమనించి ప్రచురించిన లెక్కలో, 10 సిట్టింగులకు టాటూ పోయినవాళ్లు నూటికి 47 మంది, 15 సిట్టింగులకు 75 మంది. పొగతాగేవాళ్లలో, కాళ్ల మీద టాటూ ఉన్నవాళ్లలో, ఇంకు దట్టంగా ఉన్నవాళ్లలో ఫలితం ఇంకా తక్కువ. మెడకు, ఛాతీకి దగ్గరగా ఉన్నవి త్వరగా, మణికట్టు, చీలమండ దగ్గరివి ఆలస్యంగా పోతాయి. జాతరలో చేతి మెషీన్‌తో పొడిపించుకున్నవాటిలో ఇంకు తక్కువ కాబట్టి తరచుగా 4 నుంచి 6 సిట్టింగులకే పోతాయి. అయితే సూది ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన దిగి ఉంటే కరగడం కూడా ఎగుడుదిగుడుగానే ఉంటుంది.

మన ఉదాహరణలోని పేరుకు 8 సిట్టింగులు, ఒక్కోదానికి 8 వారాల ఎడం అనుకుంటే సంవత్సరం దాటుతుంది. ఖర్చును ఒక్క సిట్టింగ్ ధరతో కాకుండా ఈ ఎనిమిదితో లెక్కేయాలి. ఇంకా చిన్న పల్స్ కొట్టే పికోసెకండ్ (పికో) లేజర్ అయితే సిట్టింగులు కొంత తగ్గవచ్చు, ముఖ్యంగా నీలం, ఆకుపచ్చ, పసుపు రంగులకు. ఒట్టి నల్ల ఇంకుకు రెట్టింపు ధర పెట్టి పికో వెంటపడాల్సిన అవసరం మాకు కనిపించదు. సరిగా నడిపే చేయి ఉంటే పాత క్యూ స్విచ్డ్ చాలు.

లేజర్ ఆపాల్సినవాళ్లూ, ఆలోచించాల్సినవాళ్లూ ఉన్నారు. గర్భిణులు వాయిదా వేసుకోవాలి. చెవి కుట్టిన చోటో, పాత గాయం దగ్గరో కీలాయిడ్ (గాయాన్ని మించి ఉబ్బే మచ్చ) లేచినవాళ్లు ముందే చెప్పాలి. కీళ్లవాతానికి బంగారపు ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లకు లేజర్ పడిన చోట చర్మం ముదురు నీలంగా మారిపోవచ్చు. ఎరుపు ఇంకు దగ్గర దురద, గడ్డలు ఉంటే అది అలర్జీ కావచ్చు. దాన్ని లేజర్‌తో పగలగొడితే ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. తెలుపు, చర్మపు రంగు, గోధుమ రంగు ఇంకుల్లో తరచుగా టైటానియం, ఇనుము సమ్మేళనాలు ఉంటాయి, ఒక్క షాట్‌కే నల్లగా తిరగబడవచ్చు. కాబట్టి పార్లర్‌లో ఇలాంటి ఇంకుతో శాశ్వత కనుబొమలు వేయించుకుని తీయించాలనుకునేవాళ్లు ఒక మూల చిన్న చుక్క మీద పరీక్ష చేయించుకోకుండా మొత్తం కొట్టించుకోవద్దు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. జుట్టు తీసే ఐపీఎల్ మెషీన్‌తో టాటూ తీయకూడదు. దాని పల్స్ మిల్లీసెకన్లలో ఉంటుంది. అంత సేపట్లో ఇంకు పగలదు, వేడెక్కి చుట్టూ ఉన్న చర్మాన్ని కాలుస్తుంది. మెషీన్ పేరు, ఎన్ని నానోమీటర్లు, ఎవరు కొడతారు అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి.

కవర్‌అప్

అంటే పాత టాటూ మీద కొత్త బొమ్మ వేయించి కప్పడం. రెండు మూడు సార్లు కూర్చుంటే పని అయిపోతుంది, ఏడాది ఆగక్కర్లేదు. దాని బలం ఇదొక్కటే, తక్కువదేమీ కాదు. కానీ చర్మం కాగితం కాదు, గోడకు సున్నం వేసినట్టు పాతదాన్ని తెల్లగా కప్పలేం. కొత్త ఇంకు పాతదాని పక్కనే, దానితో కలిసి కూర్చుంటుంది. అందుకే కొత్త బొమ్మ పాతదానికన్నా ముదురుగా, సాధారణంగా రెండు మూడింతల పెద్దదిగా ఉండాల్సిందే. నాలుగంగుళాల పేరు మీద లేత తామరపువ్వు వేస్తామంటే ఆరు నెలలకు రేకుల మధ్య పేరు తేలుతుంది. ఆకులు, ఈకలు, పొలుసులు లాంటి చిక్కటి గీతల బొమ్మలు దాచగలవు. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటే, అంటే వేలితో తడిమితే తగిలితే, ఏ రంగూ ఆ ఉబ్బును దాచలేదు. పక్కవెలుగు పడగానే పేరు చదివేయవచ్చు.

చిన్న పేరు బాధిస్తోందని పెద్ద నల్ల బొమ్మ వేయించుకోవడం నిజంగా మీకు కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి. బొమ్మ అంటే ఇష్టమే, ఆ పేరే వద్దు అనుకునేవాళ్లకు ఇది సరైన దారి. ఒంటి మీద టాటూయే వద్దనుకునేవాళ్లకు ఇది ఇంకో టాటూ.

మధ్యేమార్గం

లేజర్‌తో 2 నుంచి 4 సిట్టింగులు చేయించి టాటూను బూడిదరంగుకు దింపి, ఆఖరి సిట్టింగ్ అయ్యాక కనీసం 8 వారాలు ఆగి, అప్పుడు కవర్‌అప్ వేయించుకోవడం. పలచబడిన దాని మీద బొమ్మను చిన్నదిగా, కొంచెం లేత రంగుల్లో వేయడానికి వీలవుతుంది. మొత్తం తీయించే ఓపిక లేనివాళ్లకు అన్నిటికన్నా తెలివైన దారి ఇదే అంటాం. పైగా నాలుగో సిట్టింగ్‌కు వచ్చేసరికి చాలా పలచబడితే కవర్‌అప్ ఊసే వదిలేసి లేజర్‌తోనే ముగించవచ్చు.

కోసి తీయడం

ఒక చుక్క, ఒక అక్షరం, చిన్న హృదయం గుర్తు లాంటివాటికి, చర్మం వదులుగా ఉన్న చోట, లోకల్ అనస్థీషియా ఇచ్చి కోసి కుట్లు వేస్తారు. ఒక్కరోజు పని. బదులుగా గీత లాంటి మచ్చ ఉండిపోతుంది. ఛాతీ, భుజాల మీద వద్దు, అక్కడ కీలాయిడ్ బాగా లేస్తుంది. నాలుగంగుళాల పేరుకు ఇది కుదరదు.

యాసిడ్ క్రీములు, ఉప్పు రుద్దడం, సున్నం పెట్టడం గురించి రెండో మాట అక్కర్లేదు. ఇంకు ఉన్న లోతుకు అవి చేరాలంటే చర్మం అంతవరకూ కాలాలి.

ఉద్యోగం కోసమైతే

శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి సైన్యానికి వెళ్లే కుర్రాళ్లు ఎక్కువ, వాళ్లకు ఈ లెక్క వేరు. సైన్యం నిబంధనల ప్రకారం శాశ్వత టాటూ ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు మాత్రమే ఉండవచ్చు. ఆచారం ప్రకారం వేసుకున్న గిరిజన అభ్యర్థులకు వేరే మినహాయింపు ఉంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఇంకా బిగువు: సెల్యూట్ కొట్టని ఎడమ ముంజేయి లోపలివైపు లేదా చేతి వెనకవైపు మాత్రమే, అదీ ఆ భాగంలో నాలుగో వంతుకు లోపే. అంటే కుడి ముంజేతి లోపలివైపున్న పేరు ఒకచోట అడ్డు కాదు, ఇంకోచోట అడ్డు. భుజం మీదైతే రెండుచోట్లా ఇబ్బందే. ఇలాంటివాళ్లు కవర్‌అప్ జోలికి అస్సలు వెళ్లొద్దు, సైజు పెరిగి కేసు ఇంకా చెడుతుంది. మీరు రాసే నోటిఫికేషన్‌లోని టాటూ పేరా చదివి, వైద్య పరీక్షకు కనీసం ఏడాదిన్నర ముందు లేజర్ మొదలుపెట్టాలి. రెండు నెలలే ఉన్నాయంటే ఒక సిట్టింగ్‌తో ఏదో అవుతుందని డబ్బు పోయకండి.

ఉంచుకోవడం

ఇదీ ఒక దారే. టాటూ వేయించుకుని రెండు నెలలు కాకపోతే ఎలాగూ ఆగాలి, పచ్చిపుండు మానకుండా లేజర్ కొట్టరు. ఆ వ్యవధిలో, పుండు మానాక, కన్సీలర్ (మచ్చలు దాచే మేకప్) రాసి పైన పౌడర్ అద్దుకుని, లేదా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని నెల రోజులు తిరిగి చూడండి. కనపడకపోతే ప్రాణం హాయిగా ఉందంటే తీయించాలన్న కోరిక గట్టిదే. నెలలో పది రోజులు దాచడమే మర్చిపోయారంటే ఏడాది పొడవు లేజర్ ఓపిక మీకు అవసరం లేకపోవచ్చు.

తీయించడానికే నిర్ణయించుకుంటే మొదటి రోజు మొత్తం కొట్టించుకోకండి. పేరులో చివరి అక్షరం మీద మాత్రమే, తక్కువ శక్తితో, ఒక టెస్ట్ ప్యాచ్ అడగండి. అదే వెలుతురులో, అదే దూరంనుంచి ఆ రోజు ఒక ఫోటో, ఎనిమిది వారాలకు ఇంకో ఫోటో తీసుకోండి. అక్షరం పలచబడి చుట్టూ చర్మం మామూలుగా ఉంటే ముందుకు వెళ్లవచ్చు. గోధుమ మరక ఉంటే కొన్ని నెలల్లో తగ్గేదాకా ఆగాలి. తెల్ల మచ్చ పడితే దానికి ఎక్కువ కాలం పడుతుంది, కొందరికి పూర్తిగా పోదు. అప్పుడు మిగతా అక్షరాల సంగతి డాక్టర్‌తో మళ్లీ మొదటినుంచి మాట్లాడాలి.