జాగ్రత్త: ‘50% రూల్‌కు ఓకే’ అని అమ్ముతున్న స్మోకింగ్ షెల్టర్లు

ఇంగ్లండ్‌లో కేర్ హోమో, రెస్టారెంటో, వేర్‌హౌసో నడుపుతూ స్టాఫ్ కోసం బయట స్మోకింగ్ షెల్టర్ కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో బస్ షెల్టర్ లాంటి కిట్లు దొరుకుతున్నాయి. పైన కప్పు, వెనకా రెండు పక్కలా కింద నుంచి పైదాకా షీట్లు, ముందు ఖాళీ. పక్కనే ‘50% రూల్‌కు అనుగుణం’, అంటే చుట్టూ కనీసం సగం ఖాళీ ఉందని రాసి ఉంటుంది. అది నిజం కాదు. ఈ తరహా షెల్టర్ ఏ సైజులో కొన్నా ఆ రూల్‌కు సరిపోదు.

ఎందుకో లెక్క చూడండి. 2007 జులై 1 నుంచి ఇక్కడ అమల్లో ఉన్న నిబంధన ఇది: కప్పు ఉండి, చుట్టూ గోడల మొత్తం వైశాల్యంలో ఖాళీ సగం కంటే తక్కువ ఉంటే అది ‘చాలావరకు మూసిన’ స్థలం. పనిచేసే చోట అలాంటి దాంట్లో పొగ తాగడం నేరం. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల లోతు, 2.1 మీటర్ల ఎత్తున్న షెల్టర్ తీసుకోండి. నాలుగు వైపులా కలిపి 21 చదరపు మీటర్లు. ముందు ఖాళీ 6.3, అంటే 30 శాతమే. పొడవు పెంచి లోతు తగ్గించినా లాభం లేదు. ముందు వైపు ఎంతో వెనక వైపూ అంతే, ఆపైన రెండు పక్కలు. ఇక ఒక్క వైపు ఖాళీ సగం ఎలా అవుతుంది? కప్పు, నేల ఈ లెక్కలోకి రావు. ‘ముందంతా ఓపెనే కదండీ’ అన్న మాటకు పడిపోకండి.

‘సరే, ఒక పక్క షీటు తీసేసి ఇస్తాం’ అని బేరం పెడతారు. అప్పుడు ఖాళీ సరిగ్గా సగం, 10.5. స్తంభాల వెడల్పు తీసేసి కొలిచే కౌన్సిల్ అధికారి వచ్చారంటే అదీ సగం లోపుకు దిగిపోతుంది.

రూల్‌కు నిలిచే డిజైన్ కావాలంటే మూడు వైపుల షీట్లకూ కింద 40, పైన 40 సెంటీమీటర్ల సందు వదలమనండి. షీట్ల పొడవు మొత్తం 7 మీటర్లు కాబట్టి 5.6 చదరపు మీటర్ల ఖాళీ అదనంగా వస్తుంది. మొత్తం 11.9. మూలల్లో 10 సెంటీమీటర్ల స్తంభాలు నాలుగు ఉన్నాయనుకుని వాటిని తీసేసినా 11 మిగులుతుంది, 52 శాతం. అదే 30, 30 వదిలితే స్తంభాలు లెక్కపెట్టకముందే సరిగ్గా సగం, అందుకే అది చాలదు. కాళ్లకు చలిగాలి కొడుతోందని స్టాఫ్ సణుగుతారు, తప్పదు.

ఆ సణుగుడుకు మందుగా అమ్మేదే ‘వింటర్ కిట్’, అంటే పైకి చుట్టే ప్లాస్టిక్ కర్టెన్లు. ఇవి ఇంకా ప్రమాదం. తెరిచి మూయగలిగే తలుపు, కిటికీ, ఫిట్టింగ్ ఏదైనా సరే, బార్లా తెరిచి ఉన్నా అది ఖాళీ కింద లెక్కకు రాదు. ముడుచుకునే గుడ్డ పందిరి కూడా చట్టం దృష్టిలో కప్పే. నవంబర్‌లో ఎవరో ఒక టార్పాలిన్ కట్టినా కథ మారిపోతుంది.

బిల్డింగ్ గోడకు ఆనించి పెడితే ఆ గోడ కూడా మూసిన వైపే. కంచె దగ్గరగా ఉన్నా చిక్కే. ఎంత దూరం వదలాలో మీ కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లను ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ప్లానింగ్ పర్మిషన్, అద్దె స్థలమైతే ఓనర్ ఒప్పుకోలు కూడా ఆర్డర్‌కు ముందే తేల్చుకోవాలి.

అమ్మేవాళ్లు ఇచ్చే ‘కంప్లయన్స్ సర్టిఫికెట్’కు విలువ లేదు, చట్టంలో అలాంటి ఆమోద పద్ధతే లేదు. పొగ తాగుతున్నా ఆపలేదని కేసు పడితే 2,500 పౌండ్ల వరకు జరిమానా సైట్ నడిపేవారిదే. తాగినవారికి 50 పౌండ్లు, 15 రోజుల్లో కడితే 30. అసలు షెల్టర్ కట్టించి తీరాలని యజమానికి ఏ చట్టమూ చెప్పలేదు. ‘తప్పనిసరి ఏ5 సైన్ ప్యాక్’ అని ఏ5 కాగితం సైజు బోర్డులు అంటగట్టేదీ పాత రూలే. 2012 అక్టోబర్ నుంచి చదవగలిగే నో స్మోకింగ్ బోర్డు ఏ సైజుదైనా చాలు.

షీట్లు అక్రిలిక్ అయితే వద్దు, మండుతూ కారుతుంది. పాలికార్బొనేట్ అని ఇన్‌వాయిస్‌లో రాయించండి. స్తంభాలను పేవింగ్ రాళ్ల మీద బిగించకండి. గాలికి రాయితో సహా లేస్తాయి, కాంక్రీట్ బెడ్ ఉండాలి. చెత్త డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్న వైపు అసలే వద్దు.

ఇక డబ్బు సంగతి. ధరలు ఎక్కువగా వ్యాట్ కలపకుండా చూపిస్తారు, 20 శాతం కలుపుకోండి. బిజినెస్ పేరుతో కొంటే వినియోగదారుకు ఉండే 14 రోజుల రద్దు హక్కు మీకు లేదు. అయితే వర్ణించినట్టు సరుకు ఉండాలన్న 1979 సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ మీకూ వర్తిస్తుంది. అందుకే ఆ ‘50%’ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ‘మా స్టాఫ్ పొగ తాగడానికి, ఇంగ్లండ్ నిబంధనలకు సరిపోయేది కావాలి’ అని ఆర్డర్ ఈమెయిల్‌లోనే రాయండి. ప్రతి వైపు మూసిన వైశాల్యం, ఖాళీ వైశాల్యం అంకెల్లో ఉన్న డ్రాయింగ్ వచ్చేదాకా అడ్వాన్స్ కట్టొద్దు. సరుకు కట్టిన చెక్క ప్యాలెట్‌ను గేటు దగ్గర దించి వెళ్లిపోతారు కాబట్టి డ్రైవర్ తొందరపెట్టినా డెలివరీ నోటు మీద ‘విప్పి చూడలేదు’ అని రాశాకే సంతకం పెట్టండి.