పంజా సెంటర్ సందులో పాత సినిమా పాటల పుస్తకాల కొట్టు: ఉర్దూ సినిమాల అర కోసమైనా వెళ్లండి

బెజవాడ వన్‌టౌన్‌లో పంజా సెంటర్ నుంచి సందులోకి తిరిగితే ఒక చిన్న కొట్టు ఉంది. బోర్డు లేదు, గుమ్మానికి వేలాడే రికార్డు కవరే గుర్తు. పాత గ్రామఫోన్ రికార్డులు, క్యాసెట్లు, సినిమా పాటల పుస్తకాలు అమ్ముతారు. తెలుగువీ ఉన్నాయి కానీ అవి వెతికితే వేరే చోట్ల కూడా దొరుకుతాయి, నేను రాస్తున్నది లోపల ఎడమవైపు ఉన్న ఉర్దూ సినిమాల అర గురించి. నెల రోజులుగా ప్రతి ఆదివారం వెళ్తున్నాను, రెండుసార్లు మా అమ్మను కూడా తీసుకెళ్లాను.

అంతకుముందు ఈ సినిమాలన్నీ ఒక యాప్‌లో చూసేవాణ్ని. కింద వచ్చే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదివితే కథ తెలుస్తుంది కానీ మాట తెలియదు. ఉర్దూలో ఆప్, తుమ్, తూ అని మూడు మెట్లు ఉన్నాయి, ఈ సినిమాల్లో ప్రేమించుకున్నవాళ్లు కూడా చాలాసేపు ఆప్ అనే అనుకుంటారు, ఎప్పుడో ఒకచోట నోరు జారి తుమ్ అంటే అదే పెద్ద సీను. మీరు, నువ్వు ఉన్న భాష మనది, మనకు ఇది ఇట్టే అర్థం కావాలి, కానీ ఇంగ్లిష్ మీదుగా వచ్చేసరికి అంతా ఒకటే అయిపోయింది. పైగా కథలన్నీ ఒకేలా ఉన్నాయనిపించేది. లక్నో, నవాబు, బురఖా, ముషాయిరా అనే కవిత్వ సభ, ఒకే అమ్మాయిని ప్రేమించే ఇద్దరు స్నేహితులు. పేరు అడిగితే తీరిపోయే విషయానికి మూడు గంటల సినిమా ఎందుకని విసుక్కునేవాణ్ని కూడా.

ఆ విసుగు పోయింది ఈ కొట్టులోనే. నేను కొన్న మొదటి పుస్తకం 1960లో వచ్చిన 'చౌదవీ కా చాంద్' ది, 150 రూపాయలు. అరచేతి కన్నా కొంచెం పెద్దది, పిన్నులు తుప్పుపట్టి కాగితం మీద ఎర్రటి మరకలు పడ్డాయి. ఒక వైపు నుంచి తెరిస్తే హిందీ, తిరగేసి కుడివైపు నుంచి తెరిస్తే ఉర్దూ, రెండు కథలూ మధ్యలో కలుస్తాయి. అమ్మ అట్ట మీద వహీదా రెహమాన్‌ను చూడగానే "ఈ అమ్మాయి ఏరువాకా సాగారో పిల్ల కదరా" అంది. అవును, 'రోజులు మారాయి' 1955లో వచ్చింది, ఐదేళ్లకే ఆమె లక్నో ముసుగులో ఉంది.

కొట్టు నడిపే చాచాకు డెబ్బై పైనే ఉంటాయి. ఉర్దూ వైపు వేలు పెట్టి వరస వెంట వరస చదివి తెలుగులో చెప్పారు. కథ మంచి పట్టులో ఉండగా ఆగిపోయింది, తరువాతది పర్దా మీద చూడమని ఉంది, మన పాటల పుస్తకాల్లో 'మిగతాది వెండితెరపై' అన్నట్టే. అప్పుడు చాచా అన్నారు: "చూడు బాబూ, సినిమా తెరా పర్దానే, అమ్మాయి ముఖం మీదదీ పర్దానే." నాకు వెంటనే మన పెళ్లిళ్లలో అడ్డుతెర గుర్తొచ్చింది. మనకూ సినిమాదీ పెళ్లిదీ ఒకటే తెర.

అది తెలిశాక సినిమాలన్నీ మళ్లీ చూశాను. పర్దా అడ్డం ఉంది కాబట్టి మనిషి మొత్తంగా కనపడడు, ముక్కలుగా అందుతాడు. 'మేరే మెహబూబ్' (1963)లో అలీగఢ్ కుర్రాడికి దొరికింది బురఖా లోంచి చూసిన రెండు కళ్లు. 'పాకీజా' (1972)లో రైల్లో నిద్రపోతున్న నాట్యగత్తె కాళ్ల దగ్గర ఎవడో చీటీ పెట్టి దిగిపోతాడు, ఆమె ఆ చీటీతోనే బతుకుతుంది. 'చౌదవీ కా చాంద్' లో ముసుగు తారుమారవడం వల్లే స్నేహితుడు ప్రేమించిన అమ్మాయి తన భార్య అని హీరోకి తెలియదు. పేరు అడిగితే సరిపోతుంది కదా అన్నాను, కానీ పరాయి ఇంటి ఆడపిల్ల పేరు మగవాడు నోటితో అడగకూడని చోట కథ ఇలాగే నడవాలి, అక్కడ చీటీ, గొంతు, చెయ్యి, కవిత్వం తప్ప దారి లేదు.

చప్పట్లతో గుంపుగా పాడే ఖవ్వాలీ కూడా అంతే. 'బర్సాత్ కీ రాత్' (1960) ఖవ్వాలీ దాదాపు 12 నిమిషాలు, ఇదివరకు ముందుకు జరిపేసేవాణ్ని. ఒకళ్లు పాదం అందుకుంటే అవతలివాళ్లు దాని మీద ఇంకో మెట్టు వేస్తారు. తెల్లవార్లూ కూర్చుని రాయబారం పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన కృష్ణా, గుంటూరు జనానికి ఇందులో కొత్తేమీ లేదు, ఓపిగ్గా వింటే చాలు.

పాకిస్తాన్ ఉర్దూ సినిమాలవి క్యాసెట్లే ఉన్నాయి, దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చినవట. వాటిలో ముసుగు తగ్గిపోయి డబ్బు అడ్డుతెర అవుతుంది, పేదవాడైన హీరో, గొప్పింటి అమ్మాయి, పార్టీలో పియానో ముందు కూర్చుని గుండె పగిలిన పాట. 'ఆయినా' (1977) కరాచీలో 400 వారాలకు పైగా ఆడింది. అందులో హీరో నదీమ్ 1941లో పుట్టింది మన విజయవాడలోనే. ఈ మాట చెప్పేటప్పుడు చాచా ముఖం చూడాలి! ఆయన మొదటి సినిమా 'చకోరీ' 1967లో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో తయారైంది. ఇంత పెద్ద స్టార్ మన ఊరివాడని బెజవాడలో పదిమందికైనా తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

లోపాలూ ఉన్నాయి. కొట్టులో చెమ్మ ఎక్కువ, కొన్ని పుస్తకాలు పేజీలు అంటుకుపోయి విప్పితే చిరిగిపోతున్నాయి, కొనేముందు అన్ని పేజీలూ తిప్పి చూసుకోండి. ధరలు రాసి ఉండవు, రికార్డులు 400 నుంచి మొదలు, నా దృష్టిలో కాస్త ఎక్కువే. నేను కొన్న ఒక క్యాసెట్ అసలు తిరగలేదు, తీసుకెళ్తే మాట్లాడకుండా వేరేది ఇచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుంది. ఆదివారం సాయంత్రం 4 తరువాత వెళ్లండి, రద్దీ ఉండదు, అడిగితే చాచా ఉర్దూ వైపు చదివి వినిపిస్తారు, దానికి డబ్బు తీసుకోరు. 'పాకీజా' పుస్తకం ఒక్కటే మిగిలింది, అది అమ్మ కోసం పక్కన పెట్టించాను.