అపాయింట్‌మెంట్ తప్పిపోకుండా ఉండాలంటే: మెసేజా, ఫోన్ కాలా, టైమ్ మార్చడమా, జరిమానానా?

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుదనం), డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం లాంటి ఎదుగుదల సమస్యలు ఉన్నవాళ్లకు డాక్టర్ దగ్గర ఒక్క అపాయింట్‌మెంట్ తప్పినా నష్టం పెద్దదే. మూర్ఛ మందు డోసు సరిచేయాల్సిన రోజు తప్పితే, మళ్లీ తేదీ దొరికేదాకా ఎప్పుడు ఫిట్స్ వస్తాయోనన్న భయంతోనే గడపాలి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ ఆకలిని తగ్గిస్తుంది, కాబట్టి ఆ మందు వేసుకునే పిల్లల ఎత్తు, బరువు, బీపీ తరచూ చూస్తుండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు థైరాయిడ్ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. ఏటా పరీక్ష చేయించకపోతే, దానివల్ల వచ్చే మందకొడితనాన్ని ‘వాడి తీరే అంత’ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

తప్పిపోయే అపాయింట్‌మెంట్లను తగ్గించడానికి క్లినిక్‌లు రకరకాల పద్ధతులు వాడుతున్నాయి. వాటిలో ఏది మేలో తేల్చే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ కుటుంబం మరిచిపోయి రాలేదా, గుర్తున్నా రాలేకపోయిందా? ఈ రెండూ వేర్వేరు సమస్యలు. క్లినిక్‌లు ఎక్కువగా మొదటిదాని మీదే ఖర్చు పెడుతున్నాయి. ఎదుగుదల సమస్యలున్నవాళ్లను ఎక్కువగా ఆపేది రెండోది అని నా నమ్మకం.

మెసేజా, ఫోన్ కాలా?

మరిచిపోవడానికి మెసేజ్ మంచి మందే. మొబైల్ మెసేజ్‌లతో గుర్తుచేయడంపై వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, ఏమీ గుర్తుచేయనప్పుడు 67.8 శాతం మంది అపాయింట్‌మెంట్‌కు వచ్చారు. మెసేజ్ పంపితే 78.6 శాతం, ఫోన్ చేస్తే 80.3 శాతం మంది వచ్చారు. మెసేజ్‌కూ ఫోన్‌కూ తేడా కొద్దిగానే ఉంది, పైగా మెసేజ్‌కు ఖర్చు తక్కువ. ఇక్కడితో ఆగితే మెసేజే మేలు అనేయవచ్చు.

కానీ ఆ అంకెలు అన్ని రకాల రోగులవి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు వారం ముందు వచ్చిన మెసేజ్ చదివిన నిమిషంలోనే మనసులోంచి జారిపోవచ్చు. తేదీ తెలిసినా, ‘ఇంకా చాలా టైమ్ ఉంది’ అనుకుంటూనే బయలుదేరాల్సిన గంట దాటిపోతుంది. ఇది నిర్లక్ష్యం కాదు, కాలాన్ని అంచనా వేయడంలో ఆ సమస్య తెచ్చే ఇబ్బంది. అందుకే వాళ్లకు ముందురోజు ఒక మెసేజ్ వెళ్లినా, అపాయింట్‌మెంట్ రోజున ‘ఇప్పుడు బయలుదేరండి’ అని మరొకటి వెళ్లాలి. పనికొచ్చేది ఆ రెండోదే. ఇంకో మాట. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది. పిల్లవాడి అపాయింట్‌మెంట్ గుర్తుపెట్టుకోవాల్సిన తల్లికో తండ్రికో కూడా అదే ఇబ్బంది ఉండవచ్చు. ‘పెద్దవాళ్లు, ఆమాత్రం గుర్తుండదా?’ అని విసుక్కునే ముందు రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మరి ఫోన్ కాల్? 2022లో బీఎంజే ఓపెన్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. ఆటిజం ఉన్న 507 మంది పెద్దవాళ్లను, ఆటిజం లేని మరికొందరిని డాక్టర్‌ను కలవడంలో వచ్చే ఇబ్బందుల గురించి అడిగారు. ఆటిజం ఉన్నవాళ్లలో 80 శాతం మంది, లేనివాళ్లలో 37 శాతం మంది ఇబ్బంది ఉందన్నారు. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడమే కష్టమని ఆటిజం ఉన్నవాళ్లలో 62 శాతం మంది చెప్పారు. అలాంటివాళ్లకు తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే టెన్షన్ ఇంకా పెరుగుతుంది, చాలామంది ఎత్తరు. వాళ్లకు మెసేజే మేలు. అయితే అది తిరిగి జవాబు ఇవ్వగలిగే మెసేజ్ కావాలి. ‘రాలేకపోతే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అని రాస్తే, వాళ్లకు కుదరని పనినే మళ్లీ వాళ్ల నెత్తిన పెట్టినట్టు. ‘మార్చండి అని జవాబు పంపితే వేరే తేదీ ఇస్తాం’ అంటే చాలు.

పిల్లల తల్లిదండ్రులకు మాత్రం ఫోన్ కాల్‌కే నా ఓటు. గుర్తుచేయడానికి కాదు, అడగడానికి. “గురువారం పదింటికి బాబును తీసుకురావాలి కదమ్మా, ఇక్కడికి రావడంలో ఏమైనా ఇబ్బంది ఉందా?” అని తెలిసిన గొంతు అడిగితే బయటపడే విషయాలు ఏ ఫైల్‌లోనూ ఉండవు. “పోయినసారి లోపల పాప ఏడుపు విని చెవులు మూసుకుని గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడండి, ఇక తీసుకురావడానికి నాకే ధైర్యం చాలట్లేదు” అని ఒక తల్లి చెప్పిందంటే, ఆమెకు తేదీ గుర్తుచేసి ప్రయోజనం లేదని తెలిసిపోతుంది. ప్రతిసారీ ఒకరే ఫోన్ చేయాలి. కొత్త గొంతుకు ఎవరూ ఇలా మనసు విప్పరు. అందరికీ ఫోన్ చేసేంత సిబ్బంది లేకపోతే, ఇప్పటికే ఒకసారి తప్పినవాళ్లకూ, చాలా నెలల ముందు తేదీ తీసుకున్నవాళ్లకూ చేస్తే చాలు. తేదీ ఎంత దూరంగా ఉంటే తప్పిపోయే అవకాశం అంత ఎక్కువ.

గుర్తుచేయడమా, దారి సుగమం చేయడమా?

అదే సర్వేలో ఆటిజం ఉన్నవాళ్లలో 51 శాతం మంది వెయిటింగ్ హాల్ వాతావరణమే తమకు అడ్డంకి అన్నారు. ట్యూబ్‌లైట్ల వెలుగు, స్పీకర్‌లో పేర్లు పిలవడం, ఎప్పుడు పిలుస్తారో తెలియని ఎదురుచూపు. వీటిని తగ్గించే దారుల్లో రోజులో మొదటి టైమ్ ఇవ్వడం అన్నిటికంటే సులువు, ఖర్చూ లేదు. అప్పటికి ఆలస్యాలు మొదలవవు, హాల్ ఖాళీగా ఉంటుంది. కానీ రాత్రి సరిగా నిద్రపోని పిల్లలకు, పొద్దున్నే తయారుచేయడమే యుద్ధమయ్యే ఇళ్లకు అది పనికిరాదు. వాళ్లను బయట, వాహనంలోనో చెట్టు కిందో ఉండనిచ్చి వంతు వచ్చినప్పుడు మెసేజ్ పంపి పిలవడం మేలు. ప్రత్యేకంగా ప్రశాంతమైన గది ఉంటే మంచిదే, కానీ అది లేదని ఈ రెండూ ఆపాల్సిన పనిలేదు.

ముగ్గురు డాక్టర్లను ఒకే రోజు చూపించడమా, విడివిడిగానా? దీనికి ఒక్క జవాబు లేదు. పని మానుకుని, దూరం నుంచి రావాల్సిన ఇంటికి ఒకే రోజు మేలు. తేదీలు తగ్గితే తప్పిపోయేవీ తగ్గుతాయి. అయితే ఇద్దరు డాక్టర్లు పరీక్షించేసరికి పిల్లవాడి ఓపిక అయిపోతుంది, మూడో గదిలోకి అడుగుపెట్టడు. నన్నడిగితే రోజుకు రెండుకు మించి పెట్టకూడదు. రక్తపరీక్ష ఉంటే చివర్లో పెట్టాలి. సూది గుచ్చాక ఇక ఎవరినీ ముట్టుకోనివ్వరు.

ఫోటోలతో ముందే పరిచయం చేయడం కూడా బాగా పనిచేస్తుంది. తలుపు, కూర్చునే చోటు, డాక్టర్ ముఖం, బీపీ చూసే పట్టీ, మళ్లీ ఇంటికి వెళ్లే దారి వరుసగా చూపిస్తే ఏం జరుగుతుందో తెలుస్తుంది. ఎన్ని రోజుల ముందు చూపించాలో మాత్రం ఇంట్లోవాళ్లనే అడగాలి. కొందరికి వారం ముందు చెబితే సర్దుకుంటారు. కొందరు ఆ వారమంతా నిద్రపోరు.

నేరుగా రావడమా, వీడియోనా?

ప్రవర్తన గురించి మాట్లాడటానికి, మందు ఎలా పడుతోందో అడగడానికి వీడియో చక్కగా సరిపోతుంది. ఇంట్లో పిల్లవాడు సహజంగా ఎలా ఉంటాడో డాక్టర్‌కు కనిపిస్తుంది, క్లినిక్‌లో అది దాదాపు అసాధ్యం. కానీ గుండె చప్పుడు వినడం, పళ్లు చూడటం, రక్తం తీయడం వీడియోలో కుదరవు. రావడం కష్టమైన ప్రతి ఒక్కరినీ వీడియోకే పరిమితం చేస్తే, శరీరంలోని జబ్బులు కనిపించకుండా పోతాయి. అందుకే రెంటినీ మార్చిమార్చి పెట్టడం మంచిది.

జరిమానాలు, పేరు కొట్టేయడం, ఓవర్‌బుకింగ్

రానివాళ్లకు జరిమానా వేయాలనీ, రెండుసార్లు తప్పితే పేరు కొట్టేయాలనీ అనేవాళ్లు ఉన్నారు. ఖాళీగా పోయిన ఆ అరగంట మరొకరికి దక్కేదన్న వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. కానీ ఈ రోగుల విషయంలో నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. జరిమానా భయానికి కాలాన్ని అంచనా వేసే శక్తి రాదు, చప్పుడు భరించే ఓపికా రాదు. ఒక పిల్లవాడి పేరు కొట్టేస్తే నష్టపోయేది తనంతట తాను రాలేని ఆ పిల్లవాడే. పదేపదే తప్పిపోతుంటే ఆ ఇంట్లో ఏదో కష్టం ఉందేమోనని ఎవరో ఒకరు వెళ్లి చూడాలి.

ఓవర్‌బుకింగ్ ఇంకా ప్రమాదం. కొందరు రారని లెక్కేసి ఒకే టైమ్‌కు ఇద్దరిని పిలిస్తే, ఇద్దరూ వచ్చిన రోజున హాల్ నిండిపోతుంది, ఎదురుచూపు గంటలకు పెరుగుతుంది. ఆ అనుభవంతో బెదిరిన పిల్లవాడు తర్వాతిసారి రాడు. తప్పిపోవడానికి విరుగుడు అనుకున్నదే మళ్లీ తప్పిపోవడానికి కారణమవుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండేటప్పుడు

ఏ పద్ధతి పెట్టినా జారిపోయే వయసు ఒకటుంది. పిల్లల డాక్టర్ నుంచి పెద్దవాళ్ల డాక్టర్‌కు మారే సమయం అది. అప్పటిదాకా అమ్మ ఫోన్‌కు వచ్చిన మెసేజ్ ఇకమీదట ఆ యువకుడి ఫోన్‌కు వెళ్తుంది. అతను చదవకపోవచ్చు, చదివినా ఏం చేయాలో తెలియకపోవచ్చు. కొత్త చోట పాత ఫైల్ ఉండదు, తెలిసిన గొంతు ఉండదు. ఇక్కడ మెసేజ్‌కూ ఫోన్‌కూ మధ్య పోలిక అనవసరం. అతను ఒప్పుకుంటే ఇద్దరి నంబర్లకూ మెసేజ్ వెళ్లాలి. పాత డాక్టర్, కొత్త డాక్టర్ కలిసి కనీసం ఒక్కసారైనా అతన్ని చూడాలి. ఏ చప్పుడుకు బెదురుతాడో, ఏ టైమ్ సరిపడుతుందో, ఎవరు ఫోన్ చేస్తే ఎత్తుతాడో ఒక పేజీలో రాసి ఫైల్‌తో పాటు పంపాలి. కొత్త చోట మొదటి అపాయింట్‌మెంట్‌కు అతను రాకపోతే, ఆ కబురు పాత క్లినిక్‌కు అదే రోజు అందాలి.