రాత్రి పదకొండింటికి వినిపించని పీసీ కోసం

టీవీ కింద పెట్టుకుని సినిమాలు చూడటానికి ఒక కంప్యూటర్ కట్టించుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఏ ప్రాసెసర్, ఏ కేసు అని కాగితం మీద రాసుకోవడం తేలికే. అయితే ఈ పీసీ పనిచేయాల్సింది లైట్లు ఆర్పేసి, ఇంట్లో అందరూ మాటలు మానేసిన గదిలో. అక్కడ అది ఎలా ఉంటుందో కాగితం చెప్పదు. అందుకే మూడు రోజులు సెలవు పెట్టి, నడుస్తున్న మెషీన్లను కళ్లతో చూసి, చెవులతో విని రావాలని బయల్దేరాను.

మొదటి మజిలీ ఒక పెద్ద షోరూమ్. లోపల అన్నీ గాజు కేసులు, రంగు రంగుల ఫ్యాన్లు. సేల్స్ కుర్రాడు మర్యాదగా, ఓపిగ్గా చూపించాడు. ఏది అడిగినా బాక్స్ తెచ్చి చేతిలో పెట్టాడు. కేసు వెనక పోర్టులు ఎక్కడున్నాయో, మూత తీయడానికి ఎన్ని స్క్రూలో చూసుకోవడానికి అదే మంచి చోటు. కానీ ఏసీ హోరు, స్పీకర్లలో పాటలు. ఒక మెషీన్ వెనక చెయ్యి పెడితే వేడి గాలి తగిలిందే తప్ప దాని శబ్దం వినపడలేదు. నాకు కావాల్సిన ఒక్క సంగతీ అక్కడ తేలదని అరగంటలో అర్థమైంది.

ఆ కుర్రాడు చూపించిన గ్రాఫిక్స్ కార్డు గురించి మాత్రం చెప్పాలి. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400. సన్నగా, పొట్టిగా ఉంటుంది, చిన్న కేసులో చక్కగా పడుతుంది. చూడగానే మనసు లాగింది. కానీ దానికి ఏవీ1 అనే పద్ధతిలో కుదించిన వీడియోను డీకోడ్ చేసే, అంటే విప్పి తెర మీదకి తెచ్చే, హార్డ్‌వేర్ లేదు. అదే వరుసలోని ఆర్‌ఎక్స్ 6600కి ఉంది. నెంబరు చూసి అన్నీ ఒకటే అనుకుంటే ఇక్కడే దెబ్బతింటాం. డీకోడర్ లేకపోతే ఆ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఫ్యాన్ అందుకుంటుంది, సినిమాలో నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట గుయ్యిమని మోత మొదలవుతుంది. ఇంటెల్‌లో అయితే 4కే సినిమాల్లో వాడే 10 బిట్ హెచ్‌ఈవీసీ వీడియో డీకోడింగ్ 7వ తరం నుంచి, ఏవీ1 డీకోడింగ్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కే వచ్చేశాయి. సినిమాలకే వాడే పీసీకి విడిగా కార్డు అక్కర్లేదని ఆ రోజే నా కాగితం మీద మొదటి గీత కొట్టాను.

రెండో రోజు వెళ్లింది ఒక చిన్న అసెంబ్లింగ్ షాపుకి. ఓనరే స్క్రూడ్రైవర్ పట్టుకుని పని చేస్తున్నారు. సంగతి చెప్పగానే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపేశారు. "ఇప్పుడు వినండి" అని టేబుల్ మీదున్న బోర్డు ఆన్ చేశారు. ఆ ఒక్క పనికే ఆయన మీద గౌరవం కలిగింది. తర్వాత నేను రాసుకున్న కూలర్ తెచ్చి, నేను ఎంచుకున్న కేసులో మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డు మీద నిలబెట్టి, పక్కన స్కేలు పెట్టారు. కూలర్ తల కేసు అంచు కంటే వేలెడు పైకి ఉంది. మూత పడదు. 170 మిల్లీమీటర్ల బోర్డు చూసి అన్నీ పడతాయనుకున్నాను గానీ, పొట్టి కేసుల్లో కూలర్ ఎత్తే అసలు సమస్య. సన్నటి కూలర్ వేస్తే చిన్న ఫ్యాన్ వస్తుంది, అంతే గాలి తోలాలంటే అది వేగంగా తిరగాలి, సన్నగా కీచుమంటుంది. 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది, కానీ దానికి కేసు పెద్దది కావాలి. "అసలు ఫ్యాన్ లేకుండానే చూడొచ్చు కదండీ" అని ఆయన ఇంటెల్ ఎన్100 బోర్డు ఒకటి తీశారు. ప్రాసెసర్ రేటింగ్ 6 వాట్లు, పైన హీట్‌సింక్ మాత్రమే. కరెంటు కూడా ల్యాప్‌టాప్ అడాప్టర్‌తోనే, కాబట్టి పవర్ సప్లై ఫ్యాన్ కూడా ఉండదు.

అక్కడ హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి కొన్నాను. దాని సంగతి తర్వాత.

ఆ సాయంత్రం అక్క వాళ్లింటికి వెళ్లి రెండు రాత్రులు ఉన్నాను. బావగారి హోమ్ థియేటర్ పీసీ ఇదే ఎన్100 మీద, కోడి (Kodi) అనే సినిమా ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. ఇంత దూరం వచ్చింది దీనికోసమే. రాత్రి పదకొండింటికి సినిమా మొదలుపెట్టి, నడుస్తుండగానే సౌండ్ మ్యూట్ చేసి, నేల మీద కూర్చుని కేసుకి చెవి ఆనించాను. ఏమీ లేదు. గోడ గడియారం వినిపించింది. మొదట్లో హార్డ్ డిస్క్ కూడా ఇందులోనే ఉండేదట. "సినిమాలో ఎవరూ మాట్లాడనప్పుడు లోపల టకటకా కొట్టుకునేది" అన్నారు బావగారు. ఇప్పుడు పీసీలో ఎస్ఎస్‌డీ మాత్రమే ఉంది. డిస్కులు సామాన్ల గదిలో పెట్టి నెట్‌వర్క్ వైరు లాగారు. 4కే బ్లూరే డిస్కులోని వీడియో అయినా గిగాబిట్ వైరుకి లెక్కే కాదు.

మొదటి రాత్రే ఒక లోపం బయటపడింది, పట్టుకున్నది అక్క. రైలు పక్కగా కెమెరా సాగే సీన్‌లో, "బొమ్మ ఎందుకు తడబడుతోంది?" అంది. కోడి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు టీవీ రిఫ్రెష్ రేట్‌ను, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు మారాలో దాన్ని, సినిమాకి తగ్గట్టు మార్చే సెట్టింగ్ ఆఫ్ అయిపోయింది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ 60 దగ్గరే ఉండిపోయింది. ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడుతుంది కాబట్టి కదలిక సాఫీగా ఉండదు. సెట్టింగ్ మార్చగానే రైలు నున్నగా జారిపోయింది. ఇంకో మెలిక కూడా ఉంది. చాలా ఫైళ్లు నిజానికి 23.976 ఫ్రేములవి. టీవీని సరిగ్గా 24కి పెడితే దాదాపు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ తేడా వచ్చి చిన్న కుదుపు తెలుస్తుంది. ఏ పీసీ ఎంచుకున్నా ఈ రెండు రేట్లూ విడివిడిగా ఇస్తుందో లేదో చూడండి. నా దృష్టిలో ప్రాసెసర్ స్పీడు కంటే ఇది ముఖ్యం.

రెండో రాత్రి నా కొత్త కేబుల్ పెట్టి చూశాం. మీద '8కే' అని పెద్ద అక్షరాలు. సినిమా బాగానే ఆడింది. మెనూలోకి వచ్చి 60 హెర్ట్జ్‌కి మారగానే తెర నల్లబడి రెండు సెకన్ల తర్వాత తిరిగొచ్చింది. మళ్లీ అదే. బావగారి కేబుల్ వేస్తే ఆ బాధ లేదు. దాని బాక్స్ మీద స్కాన్ చేసి సరిచూసుకునే సర్టిఫికేషన్ లేబుల్ ఉంది. 4కే 60కి సెకనుకి 18 గిగాబిట్ల ప్రీమియం హై స్పీడ్ కేబుల్ చాలు, కానీ ఆ లేబుల్ ఉండాలి. షాపాయన మంచివారే, మర్నాడు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నారు. అయినా కేబుల్ విషయంలో ఆయన మాట మీద ఆధారపడను.

సౌండ్ విషయంలో బావగారి ఏర్పాటు నాకు బాగా నచ్చింది. పీసీ నుంచి స్పీకర్లను నడిపే రిసీవర్‌కి, అక్కడి నుంచి టీవీకి. నాణ్యత తగ్గించని డాల్బీ ట్రూహెచ్‌డీ సౌండ్ ఆప్టికల్ వైరులో వెళ్లదు. టీవీ నుంచి సౌండ్‌బార్‌కి తీసుకోవాలంటే హెచ్‌డీఎంఐలో సౌండ్‌ను టీవీ నుంచి వెనక్కి పంపే మామూలు ఏఆర్‌సీ చాలదు, దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ కావాలి. రిమోట్ కోసం యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్ గుచ్చారు, ఎందుకంటే టీవీ రిమోట్‌తోనే పీసీని నడిపించే సీఈసీ సౌకర్యం చాలా పీసీల హెచ్‌డీఎంఐలో ఉండదు. అక్క వాళ్ల అత్తగారు ఎవరినీ అడక్కుండా ఆ రిమోట్‌తో సినిమా పెట్టుకున్నారు. నాకది పెద్ద పరీక్ష నెగ్గినట్టే అనిపించింది.

నిరాశపరిచిందీ ఒకటుంది. 4కే బ్లూరే డ్రైవ్ పెట్టుకోవాలన్న ఆశ వదిలేశాను. అధికారిక ప్లేయర్లకు ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు కావాలి, 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దాన్ని తీసేశారు. స్ట్రీమింగ్ యాప్‌లు టీవీలోనే చూసుకుంటాం, ఈ పీసీ మా సొంత ఫైళ్లకే.

తిరుగు ప్రయాణంలో ఆ చిన్న షాపుకే మళ్లీ వెళ్లాను. ఎన్100 బోర్డు, 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ, గాలి ఆడే కేసు. కాగితం మీద మిగిలింది ఇంతే. బిగించాక ఫోన్ చేస్తానన్నారు. సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఒక పూర్తి సినిమా ఆడించి, వేడెక్కాక ఇంకోసారి విన్నాకే తీసుకెళ్తానని చెప్పి వచ్చాను.